అలిగేవాళ్ళ జాబితా

నా మనవరాలి పెళ్ళికి నాలుగు వేల పైచిలుకు ఫొటోలు తీశారు. వాటిలో ఒక్కదానిలో కూడా నా భార్య లేదు.

సాంబారు గరిటె ఎనిమిది ఫొటోల్లో ఉంది. మండపం మేనేజరు ఉన్నాడు. ఎవరి తరపు మనిషో ఇప్పటికీ తెలియని ఒక మీసాలాయన పదిహేడు ఫొటోల్లో భోజనం చేస్తున్నాడు. పెళ్ళికూతురి చెప్పుల జతను పూల మధ్య పెట్టి, దేవుడి పటం తీసినట్టు తీశారు. తొమ్మిదో నెల బిడ్డప్పటి నుంచి ఆ పిల్లను తన పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన మనిషి మాత్రం లేదు.

పోనీలెమ్మని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు తెలియనిది ఒకటుంది. పెళ్ళయిన ఇరవై రెండో రోజు పొద్దున నా భార్య పులుసుకు చింతపండు పిసుకుతూ పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతమన్నారు. నెల్లూరు ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉంచి ఇంటికి పంపారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నోరు ఎడమవైపుకు లాగేసింది. కుడికన్ను సరిగా మూతపడదు. మాట వస్తుంది గానీ ముద్ద ముద్దగా వస్తుంది. విన్నది మళ్ళీ ఒకసారి మనం అనుకుంటే గానీ అర్థం కాదు.

ఇంటికొచ్చిన మర్నాడు అద్దం ఇమ్మని సైగ చేసింది. ఇచ్చాను. చూసుకుని మంచం మీద బోర్లించింది. అప్పటి నుంచి కొంగుతో సగం మొహం కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేది. నాలుగో రోజో ఐదో రోజో, అన్నం తినిపిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పాప పెండ్లి ఫొటో తెప్పియ్యయ్యా. నాది. నా మొగం ఎట్టుండేదో నాకు మర్సిపోతా ఉండాది."

ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో నేను రాయలేను.

ఇంకో ఫొటో లేదా అని అడుగుతారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్న రోజుల్లో ఒక మనిషి ముఖం ఎక్కడా లేకుండా ఎలా పోతుందని అడుగుతారు. పోతుంది. చెబుతాను.

మా పెళ్ళికి కావలి నుంచి సైకిలు మీద ఒకాయన కెమెరా తెచ్చి ఒక్క ఫొటో తీశాడు. అందులో నేను భయపడ్డ కొంగలా నిలబడి ఉంటాను. ఆమె తల వంచుకుంది. పెళ్ళికూతురు తలెత్తితే మా వైపు ఆడవాళ్ళు నవ్వే కాలం అది. బాసికం, మల్లెపూల దండ, నడినెత్తిన పాపిడి, అంతే కనిపించేది. ఆధార్ కార్డులో ఉన్న బొమ్మ సంగతి ఎత్తను. ఆ యంత్రం ముందు కూర్చున్న మా ఊరివాళ్ళందరూ ఒకరికొకరు అన్నదమ్ముల్లా వచ్చారు.

ఆమె ముఖం నిండుగా, కళ్ళు తెరిచి, ఎదురుగా చూస్తూ పడిన ఫొటో ఈ భూమ్మీద ఒకటే ఉండేది. ఒక తుఫాను ఏట మా పడవ, మా గుడిసె రెండూ పోయినప్పుడు, స్కూలు దగ్గర సర్కారు వాళ్ళు అన్నం పెడుతుంటే సత్తు పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడింది. పేపరు తాలూకు మనిషి ఒకడు "అమ్మా, ఇట్ట చూడు" అన్నాడు. చూసింది. మర్నాడు పేపర్లో వేశారు. అంతకు ముందు ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని కావలి బజారులో అడుగు పెడితే బేరమాడడానికి జంకేవాళ్ళు. ఆ ఫొటో పడ్డాక ఆ బజారు ఆడవాళ్ళే పేపరు చూపించి అయ్యో పాపం అన్నారు. ఇంటికొచ్చి గంప పడేసి ఏడ్చింది. నేను ఆ పేపరు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను. ఆ రోజు మొదలు ఎవరు కెమెరా ఎత్తినా, తర్వాత ఎవరు ఫోను ఎత్తినా, ఆమె అరచెయ్యి మొహానికి అడ్డం వచ్చేది. మనవరాలి ఫోన్లో వాళ్ళవ్వ ఫొటోలు పాతిక దాకా ఉన్నాయి. అన్నీ అరచేతులే.

ఆ తుఫాను ఏడే ఇంకో సంగతి జరిగింది. అది కూడా చెప్పాలి, ఎందుకు చెప్పాలో తర్వాత తెలుస్తుంది. ఇళ్ళు పోయినవాళ్ళ జాబితా పంచాయతీ గోడకు అంటించారు. నేను బడి మెట్టెక్కినవాణ్ణి కాను. పడవల మీద రంగుతో రాసిన పేర్లు చూసి, ఉప్పు చేపలు చుట్టిన కాగితాలు చూసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మా వీధిలో అప్పటికి చదవగలిగింది నేనొక్కణ్ణే. అందరూ గోడ దగ్గర నిలబెట్టి చదవమన్నారు. నూటపది పేర్లు గట్టిగా చదివాను. పేరు వచ్చినవాడల్లా హమ్మయ్య అని పక్కకు తప్పుకున్నాడు. చివరికి గోడ ముందు నేనే మిగిలాను. మా పేరు లేదు. రెండోసారి చదివాను. లేదు. పేపర్లో వేయడానికి మా మొహం కావాల్సి వచ్చింది గానీ, గోడ మీద రాయడానికి మా పేరు వాళ్ళకు అక్కరలేకపోయింది.

రెండేళ్ళు తిరిగి ఆ పేరు ఎక్కించాను. ఆ రెండేళ్ళలో అర్జీ రాయడం వచ్చింది. తర్వాత ఊళ్ళో ఎవరి రేషనుకైనా, పింఛనుకైనా, మంచినీళ్ళ కొళాయికైనా నేనే రాశాను. ఏ ఆఫీసులో ఏ జాబితా పెట్టినా వెళ్ళి, ఎవరి పేరు తప్పిందో చూసి పోట్లాడాను. పేరు మరిచిపోవడమంటే మనిషిని చంపడమేనని ఒక తహసీల్దారు మొహం మీద అన్నాను. ఆయన నన్ను బయటికి పంపించాడు. అయినా అన్నాను.

ఇప్పుడు పెళ్ళి సంగతి.

మనవరాలి సంబంధం ఖాయమయ్యాక ఒక సాయంత్రం వల బాగు చేసుకుంటుంటే నా భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఈ తూరి నేను గూడా ఫొటో తీయించుకుంటా" అంది.

నేను వల వదిలేశాను. "ఇన్నాళ్ళూ మొగం దాచుకున్నావు గదే."

"అప్పుడు పళ్ళెం పట్టుకోని నిలబడి ఉండా. ఇప్పుడు నా ఇంటి ముందర పందిలేసి పది మందికి పెడతా ఉండా. ఇప్పుడు తియ్యమను. పాప పక్కన, వంకాయ రంగు పట్టుచీర కట్టుకోని, ఒకటే ఒకటి. ఫోన్లో కాదు, ఆ పెద్ద మిషన్లో."

"అట్నే" అన్నాను. ఇంత తేలిగ్గా అన్నాను.

ఫొటోలవాణ్ణి కుదిర్చే పని నాకే అప్పగించారు. నా కొడుకు వేటకు పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. పైగా బేరంలో నా నోటికి ఎవరూ ఆగరని పేరుంది. మనవరాలిని వెంటపెట్టుకుని కావలిలో మూడు స్టూడియోలు తిరిగాను.

మొదటివాడు చల్లటి గదిలో కూర్చోబెట్టి గోడ మీద పెద్ద టీవీలో పెళ్ళిళ్ళు చూపించాడు. ఏ పెళ్ళిలోనూ ఎవరూ కెమెరా వైపు చూడటం లేదు.

"ఇవన్నీ క్యాండిడ్ తాతా" అన్నాడు.

"అంటే ఏంది నాయనా?"

"వాళ్ళకి తెలీకుండా తీసేది."

"దొంగతనంగానా? దానికి మేమెందుకు పిలిచి బొట్టు పెట్టేది?"

మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. లేచి వచ్చేశాం.

రెండోవాడు పెళ్ళికి ముందు ఫొటోలంటూ, పెళ్ళికాని జంటను తెల్లబట్టల్లో సముద్రంలో నడుముల దాకా నిలబెట్టి తీసిన ఆల్బం చూపించాడు. మీదీ సముద్రం పక్క ఊరే కదా, మీకు ఇంకా బాగా కుదురుతుందన్నాడు. "ఆ నీళ్ళల్లో దిగేటప్పుడు మేము దండం పెట్టుకోని దిగుతాం రా అబ్బయా, వాటేసుకోని కాదు" అన్నాను. మనవరాలు బయటికొచ్చి నవ్వలేక ఏడ్చింది, ఏడవలేక నవ్వింది. "తాతా, నువ్విట్టా అందరితో కయ్యం పెట్టుకుంటే నా పెండ్లి నువ్వే బొమ్మ గీయాల" అంది.

మూడోవాడికి ముప్పై ఏళ్ళుంటాయి. గడ్డం, మెడలో కెమెరా. చిన్న స్టూడియో. డ్రోన్ కూడా ఉందన్నాడు. పైన తేనెటీగ మాదిరి ఎగురుతూ తీస్తుందట. మనవరాలికి అదే కావాలి. నేను మాత్రం వాణ్ణి ఇంకో కారణానికి కుదుర్చుకున్నాను. నా జేబులోని కాగితం తీసి ఇస్తే, మొదటి ఇద్దరూ మడిచి పక్కన పెట్టారు. ఇతను మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివాడు. నేను రాసినదాన్ని గట్టిగా చదివేవాడికి నేను అప్పుడే సగం లొంగిపోయినట్టే.

ఆ కాగితం సంగతి చెప్పాలి. మా వైపు పెళ్ళంటే తాళి కట్టడం తేలిక. అలకలు తీర్చడం కష్టం. ఫొటోల దగ్గర పుట్టిన అలక ఏ పూజకూ తీరదు. నా కొడుకు పెళ్ళి ఆల్బంలో మా పెద్దక్క సగం మొహమే వచ్చింది; మిగతా సగానికి ఎవరిదో భుజం అడ్డం పడింది. ఆమె పదేళ్ళు మా ఇంట మంచినీళ్ళు ముట్టలేదు. అది మనసులో పెట్టుకుని, ఈసారి ఎవరెవరు అలగగలరో వారం రోజులు కూర్చుని ఆలోచించి రాశాను. నలభై ఒక్క అంశాలు. పెళ్ళికూతురి పక్కన ఎవరు నిలబడాలి, ఎవరికి కుర్చీ వేయాలి, ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టరాదు, అన్నీ రాశాను. మేనమామలు, పెత్తండ్రులు, పడవలో పనిచేసే ఆరుగురు, చిట్టమూరు నుంచి వచ్చే వియ్యాలవారి పెద్దలు, ఎక్కడో వాకాడులో ఉండే చుట్టం కూడా. మొదటిది 'మండపం గుమ్మం దగ్గర మేనత్తలు హారతి ఇచ్చునది'. కింద ఇలా రాసి సంతకం పెట్టాను: 'పై జాబితాలో ఒక్కటి తప్పినను అంగీకరించను. జాబితాలో లేని వాటికై కాలము వృథా చేయరాదు.'

"బాగా రాసినారు తాతా" అన్నాడు. "ఇంత క్లియర్‌గా మాకు ఎవురూ ఇయ్యరు."

నేను పొంగిపోయాను.

పెళ్ళి కావలి మండపంలో పొద్దుటి ముహూర్తం. మా ఇంట ఒక ఆచారం ఉంది. పెళ్ళికి ముందు కుమ్మరి ఇంటి నుంచి మేళంతో రంగుల కుండలు తెస్తాం. వాటిని ఐరేని కుండలంటారు. లోపలి గదిలో పేర్చి పక్కన దీపం పెడతాం. పెళ్ళికూతురు మెడలో తాళితో తిరిగి ఇంటికొచ్చేదాకా ఆ దీపం కొండెక్కకూడదు. ఇంటి పెద్ద ముత్తైదువ దాని దగ్గర ఉండాలి, గడప దాటకూడదు. కాబట్టి మండపానికి నా భార్య రాదు. ఈ సంగతి మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పొద్దున్నే పెళ్ళికూతురు కుండలకు మొక్కి, అవ్వ కాళ్ళకు మొక్కి బయల్దేరుతుంది గదా, అప్పుడే ఫొటో అనుకుంది ఆమె. నేనూ అలాగే అనుకున్నాను.

ఆమె తెల్లవారకముందే తలంటుకుని వంకాయ రంగు చీర కట్టుకుని, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని దీపం పక్కన కూర్చుంది. ఫొటోలవాడు రాలేదు. మనవరాలు మొక్కింది. కారు హారను కొడుతోంది. అలంకారం చేసే అమ్మాయి మండపంలో కాచుకుని ఉంది. మనవరాలు ఫోను తీయబోతే, అవ్వ వద్దంది. "అందులో కాదులే. పెద్ద మిషనాయన వస్తాడు." మనవరాలు "సాయంత్రం తీసుకుందాం అవ్వా" అని పరుగెత్తింది. నేను కూడా జాబితా జేబులో పెట్టుకుని, చెవిలో పెన్సిలు దోపుకుని కారెక్కాను.

మండపంలో నేనేం చేశానో చెప్పాలా? నలభై ఒక్క అంశాలకూ ఒక్కొక్కదానికే టిక్కు పెట్టాను. మా పెద్దక్కను మూడు చోట్ల నిలబెట్టి తీయించాను. ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుని నన్ను దీవించింది. అంత బాగా జరిగిన పని నా జన్మలో లేదనుకున్నాను.

సాయంత్రం జంటను తీసుకుని ఇంటికొచ్చేసరికి ఫొటోలవాళ్ళు సామాను సర్దుకుని మండపం నుంచే వెళ్ళిపోయారు. ఆ సాయంత్రానికే వాళ్ళకు నెల్లూరులో ఇంకో పెళ్ళి ఉందట. నా భార్య గుమ్మంలో హారతితో నిలబడి ఉంది. నేను అడగకుండానే "దీపం ఆరలా, నేను గడప దాటలా" అంది. ఫొటోలవాడు రాలేదని చెబితే నా మొహంలోకి చూసి, "పోనీలేయ్యా" అంది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వంట దగ్గరికి వెళ్ళింది.

అంతే. అలగలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె ఆ మాట అడిగినప్పుడు, నాకు ఇంకా ఆశ ఉంది. నాలుగు వేల ఫొటోలున్నాయి కదా, ఎక్కడో ఒక మూల, మేమంతా మండపంలో ఉన్నప్పుడు ఎవడైనా మా ఇంటివైపు వచ్చి తీసింది పడి ఉండదా? మనవరాలు అత్తగారింటి నుంచి చిన్న వేలంత వస్తువు పంపింది. దాన్ని టీవీకి గుచ్చితే ఫొటోలన్నీ వచ్చాయి. మూడు రోజులు చూశాను. కళ్ళలో నీళ్ళు కారి చూపు మసకబారేది, తుడుచుకుని చూసేవాణ్ణి. ఆమె కూడా మంచం మీద నుంచి చూసేది. కొంచెంసేపు చూసి గోడవైపు తిరిగేది. రెండో రోజు మధ్యాహ్నం నా చొక్కా పట్టుకు లాగింది.

"తీసినాడు" అంది.

"ఎవురే?"

"ఫొటో. తీసినాడు నన్ను." ఎడమచెయ్యి ఎత్తి చూరు వైపు చూపించింది. దేవుడి మీద ప్రమాణం చేస్తోందనుకున్నాను. "ఎప్పుడు తీసినాడు? యాడ?" అని ఎంత అడిగినా ఏడుపే గానీ మాట రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు. వాడు మా ఇంటికి వచ్చి, తీసి, పారేసి ఉంటాడు. ఇంకేముంది? పేదవాళ్ళ ముసలిది, ఎందుకు ఉంచుకుంటాడు?

మర్నాడు మొదటి బస్సుకే కావలి వెళ్ళాను. స్టూడియో తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాను. వాడు వచ్చీ రాగానే పట్టుకున్నాను.

"మా ఇంటామె ఫొటో ఏమైంది? తీసి పారేస్తావా?"

"ఏ ఇంటామె తాతా? మా కెమెరావాళ్ళు మీ ఇంటికే రాలా."

"అబద్ధం! నువ్వు తీసినావని నోరు పడిపోయిన మనిషి చెప్తా ఉంది. ఆమెకి అబద్ధమాడే ఓపిక గూడా లేదు."

వాడికి అప్పుడు జబ్బు సంగతి చెప్పాను. కుర్చీ వేశాడు. నీళ్ళిచ్చాడు. తర్వాత లోపలి నుంచి ఒక ఫైలు తెచ్చి, ప్లాస్టిక్ కవరులో దాచిన నా కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"మీరే చూడండి. అవ్వ ఏ నంబరు?"

గట్టిగా చదివాను. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా చదివాను. రెండోసారి చదివాను. పంచాయతీ గోడ దగ్గర కూడా రెండుసార్లే చదివాను.

లేదు.

అలిగేవాళ్ళందరినీ రాశాను. ఆమె ఏనాడూ అలగలేదు. నా బుర్రకు తట్టలేదు.

"జాబితాలో లేనిదానికి టైం వేస్టు చెయ్యొద్దని మీరే సంతకం పెట్టినారు" అన్నాడు వాడు, మెల్లగా.

నేను ఓడిపోయినవాణ్ణి, అయినా నోరు ఊరుకోదు. "మరి ఆ సాంబారు గరిటె ఏ నంబరు రా?"

"అది క్యాండిడ్ తాతా."

"ఆ మీసాలాయన?"

నేను వాడి ముందు ఏడ్చాను. ఎప్పుడు ఏడ్చానో గుర్తులేని మనిషిని. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, డిస్కులో పక్కన పెట్టినవి, పనికిరానివి ఇంకా చాలా ఉన్నాయనీ, ముహూర్తాలు మళ్ళీ మొదలవుతున్నాయి కాబట్టి ఈ నెలాఖరుకు అవన్నీ చెరిపేయాలనీ చెప్పాడు. "చెరిపే ముందు ఒక తూరి చూస్తా. కానీ అవ్వ ఎట్టుంటాదో నాకు తెలీదు గదా తాతా. నేను చూడనే లేదు. ఎట్ట పట్టేది?"

"రాసి పంపిస్తా" అన్నాను.

నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిది అర్జీలాగే వచ్చింది. 'ఆర్యా, విషయము' అని మొదలుపెట్టాను. అలవాటు. చించకుండానే పంపాను. రెండోదానిలో తిట్టాను. మూడోదానిలో, తిట్టినందుకు క్షమించమన్నాను. నాలుగోది రాయడానికి మూడు రోజులు పట్టింది. అందులో ఆమె ముఖం రాయాలి.

యాభై ఏళ్ళకు పైగా చూసిన ముఖం. కాగితం ముందు కూర్చుంటే నాకు కనిపించేది మంచం మీదున్న ముఖమే. పక్కకు లాగిన నోరే. దాన్ని తోసేసి వెనక్కు వెళ్ళాలని చూస్తాను, పొయ్యిలో కాలిపోతున్న పేపరు దగ్గర ఆగిపోతాను. అప్పుడు తెలిసింది, ఆమె చెప్పింది నిజం. ఆమెకు ఒక్కదానికే కాదు, నాకు కూడా మరిచిపోతోంది. ఆ భయంలో ఏం రాశానో అంతా గుర్తు లేదు. నల్లగా ఉంటుందనీ, పొట్టిగా ఉంటుందనీ, వంకాయ రంగు చీర అనీ, రూపాయంత బొట్టు అనీ, ముందు రెండు పళ్ళ మధ్య సందు ఉంటుందనీ, నవ్వితే దాచుకోకుండా పళ్ళన్నీ కనపడేలా నవ్వేదనీ రాశాను. రాసి చూసుకుంటే, సముద్రం ఒడ్డున ఏ ఇంట్లో వెతికినా దొరికే ముసలమ్మలా ఉంది. అదే పంపాను. 'నాకు ఫోను చూడటం రాదు, కాగితం మీదే బదులు రాయవలెను' అని కింద రాశాను.

బదులు రాలేదు. వారం చూసి మళ్ళీ వెళ్ళాను. స్టూడియోకు తాళం. ఎక్కడో పెళ్ళి తీయడానికి పోయారని పక్క కొట్టు అతను చెప్పాడు. మళ్ళీ వెళ్ళాను. తాళం. నెలాఖరుకు నాలుగు రోజులుంది, మూడు రోజులుంది, రెండు రోజులుంది. ఇంట్లో ఆమె అడగడం మానేసింది. తలుపు చప్పుడైతే మాత్రం కొంగు తీసి ఇటు చూసేది. నా చేతులు చూసేది. ఉత్త చేతులని తెలిసి కొంగు కప్పుకునేది.

నెల దాటిపోయింది. చెరిపేసి ఉంటాడు. మనవరాలు నెల్లూరులో కంప్యూటరు మీద బొమ్మ చేయిస్తానంది, ఆధార్ బొమ్మ ఇస్తే పట్టుచీర కట్టి, నవ్వించి ఇస్తారట. వద్దన్నాను.

ఆ తర్వాతి సోమవారం పోస్టు వచ్చింది. స్టూడియో కవరు. లోపల ఫొటో ఉందేమోనని దులిపి చూశాను. లేదు. రూళ్ళ కాగితం ఒకటే ఉంది. ఆమె మంచం పక్కన కూర్చుని, ఆమెకు వినపడేలా గట్టిగా చదివాను:

"తాతకు నమస్కారం. తెలుగు రాసి చానా ఏండ్లయింది, తప్పులుంటే దిద్దుకోండి. మీ జాబులు నాలుగూ చేరినాయి. లేని ఫొటోకి ఏమని బదులు రాసేదని ఊరుకున్నా. డిస్కు చెరపబోయే ముందర ఇచ్చిన మాట కోసం డ్రోన్‌వి గూడా అన్నీ ఏసి చూసినా. పెండ్లి రోజు పొద్దున మీరందరూ మండపానికి వచ్చేసినాక మా డ్రోన్ అతను మీ ఊరికి పోయి పడవల మీద, ఇండ్ల మీద ఎగరేసినాడంట. గాలికి ఊగిపోయిందని మేము వాడలా. అందులో మీ పందిలి మీద నుంచి పోయేటప్పుడు, గడప బయట ఒకామె వచ్చి నిలబడి ఉంది. వంకాయ రంగు చీర. కుడిచెయ్యి కండ్లకి అడ్డం పెట్టుకోని పైకి డ్రోన్‌నే చూస్తా ఉంది. మూడు సెకన్లే. మళ్ళీ గబగబా లోపలికి పోయింది. చెయ్యి నీడ పడి కండ్లు సరిగ్గా రాలా. పళ్ళ మధ్యన సందు ఉందో లేదో గూడా తెలీడం లా. కానీ పెద్దది చేసి చూస్తే నోరు బాగా తెలుస్తా ఉంది. నవ్వుతా ఉంది తాతా. మీరు రాసినట్టే, దాచుకోకుండా. ఆమేనేమో మీరొచ్చి చూసి చెప్పండి. చెప్పేదాకా చెరపను."